తంగేడు పూల టీ తాగండి, షుగర్ బిళ్లలు మాత్రం ఆపకండి

బతుకమ్మ దగ్గర పడుతుందంటే చాలు, వాట్సాప్‌లో తంగేడు పూల కషాయం మెసేజ్‌లు మొదలవుతాయి. పరగడుపున రోజూ గ్లాసుడు తాగితే షుగర్ మాయమైపోతుందట. మా ఇంట్లో అమ్మకీ నాకూ ఈ టీ అంటే ఇష్టం, కాబట్టి తాగొద్దని చెప్పను. కానీ మా బంధువుల్లో ఒకాయన ఆ మెసేజ్ నమ్మి బిళ్లలు పక్కన పడేశారు, తర్వాత మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్ (HbA1c) చేయిస్తే 11 శాతం దాటింది. అప్పటినుంచీ ఎవరైనా ఈ టీ గురించి అడిగితే ముందు బిళ్లల సంగతే చెబుతున్నాను.

చేయడం చాలా తేలిక. నీడలో ఆరబెట్టిన రేకులు చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి నాలుగైదు నిమిషాలు మరిగిస్తే నీళ్లు బంగారు రంగులోకి తిరుగుతాయి, కొంచెం అల్లం దంచి వేసి వడకట్టుకుంటే సరి. బెల్లం వేయకండి, షుగర్ ఉన్నవాళ్లకు అది కూడా చక్కెర లాంటిదే. నాలుకకు తగిలే ఆ సన్నటి వగరు ఈ చెట్టు గుణం. దీని బెరడుతో వెనకటికి తోళ్లు శుద్ధి చేసేవాళ్లు, అంత వగరు. ఆ వగరు ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు, అందుకే రక్తం తక్కువగా ఉండి ఐరన్ బిళ్లలు వేసుకునేవాళ్లు భోజనానికీ, ఆ బిళ్లలకీ రెండు గంటలు ఎడం ఇచ్చి తాగడం మంచిది.

మరి షుగర్ తగ్గుతుందా అంటే, 2002లో అన్నామలై యూనివర్సిటీ వాళ్ల పరిశోధనలో పూల సారం ఇచ్చిన ఎలుకల్లో తగ్గింది. కాకపోతే వాటికిచ్చింది చిక్కటి సారం, కిలో బరువుకు 0.45 గ్రాముల లెక్కన, మనం చెంచాడు రేకులు మరిగించి తాగేదానికీ దానికీ పొంతన లేదు. పాలు, చక్కెర వేసిన చాయ్ బదులు ఇది తాగితే ఆ మేరకు లాభమే, అందులో నాకు అనుమానం లేదు.

అసలు జాగ్రత్త ఇంకో వైపునుంచి కూడా కావాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్లలో ఇన్సులినో వాడుతూ, పొద్దున ఏమీ తినకుండా చిక్కటి కషాయం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే షుగర్ మిషన్‌తో చూసుకోండి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.

పువ్వు ఏదో కూడా చూసుకోండి. తంగేడు కొమ్మకు ఆకు అతుక్కున్నచోట చెవి ఆకారంలో చిన్న ఆకులుంటాయి, కాయ పల్చగా కాగితంలా ఉంటుంది. పసుపు పూలే పూసే కసింద వేరే మొక్క, ఆకు నలిపితే కంపు కొడుతుంది, దాని గింజలు తిని ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు చనిపోయారు కూడా. నేల తంగేడు అని అమ్మేది సునాముఖి, అది విరేచనాల మందు. బతుకమ్మకు మార్కెట్లో కొన్న పూలు, రోడ్డు పక్కన కోసినవి, పత్తి చేను గట్టు మీదివి టీకి వద్దు, దుమ్మూ పురుగుమందూ కడిగినా పూర్తిగా పోవు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఆపరేషన్ ఉంటే మాత్రం డాక్టరుకు బిళ్లల చీటీతో పాటు ఈ టీ సంగతీ చెప్పండి, అడగకపోయినా సరే.