సంచిలో టూత్‌బ్రష్ సర్దుకుని బయలుదేరిన జాన్ లూయిస్

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపించే హితవు ఒకటుంది: "మనకెందుకొచ్చిన గొడవ, నీ చదువు నువ్వు చూసుకో." బడి బస్సులో ఎవరైనా మన తిండిని వెక్కిరించినా, ఊళ్ళో ఏదైనా ఊరేగింపు జరుగుతున్నా, తోటి పిల్లవాడికి అన్యాయం జరిగిందని మన పిల్ల ఇంటికొచ్చి ఆవేశపడినా మన నోట ముందుగా వచ్చేది ఆ మాటే. దాని వెనుక పిరికితనం కన్నా లెక్క ఎక్కువ. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడికి ఒక చిన్న పోలీసు కేసు ఎంత ఖరీదు అవుతుందో తెలిసిన తల్లిదండ్రులు పిల్లలకు ధైర్యం నూరిపోయడానికి వెనుకాడతారు. నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. అమెరికా నల్లవారి పౌరహక్కుల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ తల్లిదండ్రులు కూడా ఆయనకు ఇంచుమించు ఆ మాటే చెప్పారని మా అమ్మాయి ఎక్కడో చదివి నాకు వినిపించిన తరువాత, ఆ మనిషి జీవితం మా ఇంట్లో ఎడతెగని చర్చగా మారింది.

మేముండేది అట్లాంటాకు ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో. లూయిస్ అట్లాంటా నగర ప్రతినిధిగా 1987 నుంచి 2020 జూలై 17న కన్నుమూసేవరకు అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నారు కాబట్టి ఇక్కడి పిల్లలకు ఆయన పేరు కొత్తది కాదు. అయినా బడిలో జనవరి వచ్చిందంటే మార్టిన్ లూథర్ కింగ్ గురించి ఒక పేజీ, ఒక బొమ్మ, ఒక ప్రసంగంలోని నాలుగు వాక్యాలతో ఆ ఉద్యమం ముగిసిపోతుంది. అలా చెప్పినప్పుడు కింగ్ పుట్టుకతోనే మహాత్ముడైనట్టు, అందరూ ఆయనను మొదటి నుంచీ ప్రేమించినట్టు పిల్లలకు తోస్తుంది. లూయిస్ దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఇరవై ఏళ్ళకు మొదటిసారి అరెస్టయ్యాడు, ఇరవై మూడేళ్ళకు వాషింగ్టన్ మహాప్రదర్శనలో వక్తలందరిలోకీ చిన్నవాడిగా మాట్లాడాడు, ఇరవై అయిదేళ్ళకు పోలీసు లాఠీ దెబ్బకు తల పగిలింది. పదిహేనేళ్ళ అమ్మాయి తన వయసుతో కొలిచి చూసుకోగలిగిన జీవితం అది.

ఆయన 1940 ఫిబ్రవరి 21న అలబామాలో, ట్రాయ్ పట్టణానికి దగ్గరి పల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు పరాయి భూమిలో పండించి పంటలో వాటా ఇచ్చుకునే పేద రైతులు; 1944లో తండ్రి 300 డాలర్లు పోసి 110 ఎకరాలు కొన్నాడు. ఇంట్లో కోళ్ళను చూసుకునే పని జాన్‌ది. ఆ కోళ్ళకు బైబిలు బోధించేవాడు, చనిపోయినవాటికి అంత్యక్రియలు జరిపేవాడు, ఇంట్లో కోడిని కోసిన రోజు అలిగేవాడు. మా అబ్బాయికి లూయిస్ జీవితమంతటిలో ఇప్పటికీ నచ్చే ఘట్టం ఇదొక్కటే. ట్రాయ్‌కు వెళ్ళినప్పుడల్లా అక్కడ తెల్లవారికి ఒకటి, నల్లవారికి ఒకటి అని రాసి ఉన్న బోర్డులు చూసి ఎందుకిలా అని ఆ పిల్లవాడు అడిగితే, లోకం తీరు అంతేనని, దారికి అడ్డం వెళ్ళవద్దని, గొడవల్లో తలదూర్చవద్దని పెద్దలు చెప్పారు. 1955లో, జాన్‌కు పదిహేనేళ్ళప్పుడు, పక్క రాష్ట్రమైన మిసిసిపీలో పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ను తెల్లవారు చంపి నదిలో పడేశారు. చంపినవారిని కోర్టు వదిలిపెట్టింది. ఆ తల్లిదండ్రుల భయంతో పోలిస్తే మన వీసా భయం ఏపాటిది అన్నది మా అమ్మాయి వాదన. నాకు ఆ పోలిక పూర్తిగా న్యాయమనిపించదు, కానీ కొట్టిపారేయలేను.

1960 ఫిబ్రవరిలో నాష్‌విల్ నగరంలో, నల్లవారికి భోజనం వడ్డించని దుకాణం కౌంటరు దగ్గర నిరసనగా కూర్చుని లూయిస్ మొదటిసారి అరెస్టయినప్పుడు, నిన్ను పంపింది చదువుకోవడానికి గానీ ఇందుకు కాదని, ఆ గొడవలోంచి వెంటనే బయటపడమని తల్లి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మన అమ్మలలో ఎవరైనా రాసి ఉండేదే. ఆయన తల్లిని ప్రేమించడం మానలేదు, ఆమె చెప్పింది వినలేదు కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమడగలవన్న సంగతిని మన పెంపకం సులభంగా ఒప్పుకోదు. మాట వినని పిల్లలు మనల్ని కాదనుకున్నట్టేనని లెక్కవేస్తాం.

ఇక్కడి తెలుగు సభల్లో గాంధీ జయంతి నాడు ఎవరో ఒకరు లేచి, అమెరికా నల్లవారికి అహింసను నేర్పింది మన గాంధీయే అని చప్పట్ల మధ్య చెప్పడం రివాజు. అందులో అసత్యం లేదు. కానీ ఆ నేర్చుకోవడం ఎలా జరిగిందన్నది చెప్పరు, చెబితే చప్పట్లు కొంచెం తగ్గుతాయేమో. జేమ్స్ లాసన్ అనే యువకుడు కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని జైలుకు వెళ్ళి, విడుదలయ్యాక మెథడిస్టు సంఘం తరఫున 1953లో నాగపూర్ వచ్చి అక్కడి హిస్లాప్ కళాశాలలో పనిచేశాడు. గాంధీ పద్ధతులను అక్కడ శ్రద్ధగా అధ్యయనం చేశాడు. మాంట్‌గోమరీ నగరంలో నల్లవారు సీట్లలో వివక్షకు నిరసనగా బస్సులను బహిష్కరించారన్న వార్తను ఆయన చదివింది నాగపూర్ పత్రికలోనే. తిరిగి వెళ్ళి నాష్‌విల్‌లో ఒక చర్చి కింది గదిలో విద్యార్థులకు తరగతులు పెట్టాడు. జాన్ లూయిస్, డయాన్ నాష్, బెర్నార్డ్ లఫాయెట్ వంటివారు అక్కడ తయారైనవారే.

ఆ తరగతుల్లో జరిగింది ఉపన్యాసం కన్నా నాటకంలా ఉండేది. ఒక విద్యార్థి హోటలు కౌంటరు దగ్గర కూర్చున్నట్టు కుర్చీలో కూర్చునేవాడు. తోటి విద్యార్థులే తెల్ల గూండాల వేషం కట్టి అతని ముఖం మీద సిగరెట్టు పొగ వదిలేవారు, నోటికి రాని బూతు ఉండేది కాదు, కుర్చీలోంచి లాగి కింద పడేసేవారు. పడ్డవాడు తలనూ పొట్టనూ కాపాడుకునేలా ఎలా ముడుచుకోవాలో, పక్కవాడిని కొడుతుంటే చేయెత్తకుండా తన శరీరాన్ని ఎలా అడ్డం పెట్టాలో, కొట్టేవాడి కళ్ళలోకి ఎలా చూడాలో సాధన చేశారు. కోపం ఆపుకోలేనివారిని కౌంటరు దగ్గరకు పంపేవారు కాదు. కూర్చునే రోజు పాటించవలసిన నియమాలు కాగితం మీద రాసి అందరికీ పంచారు: తిట్టినా తిరిగి తిట్టవద్దు, నవ్వవద్దు, నిటారుగా కూర్చోవాలి, ముఖం ఎప్పుడూ కౌంటరు వైపే ఉండాలి. నెలల తరబడి ఇలా సిద్ధమైన తరువాతే వారు నగరంలోని దుకాణాల్లో కూర్చున్నారు. 1960 మే 10 నాటికి నాష్‌విల్ నడిబొడ్డున ఉన్న దుకాణాలు నల్లవారికి భోజనం వడ్డించడం మొదలుపెట్టాయి.

మా అబ్బాయి ఒకసారి, బస్సులో తనను ఏడిపించిన పిల్లవాడికి బదులు చెప్పకుండా తల దించుకుని దిగి వచ్చాననీ, అదే అహింస కదా నాన్నా అనీ అడిగాడు. కాదని చెప్పడానికి నాకు లాసన్ తరగతులు పనికొచ్చాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తప్పుకుపోవడానికి కూర్చోలేదు, తప్పుకోకుండా ఉండడానికే కూర్చున్నారు. మర్నాడు వాడు అదే సీటులో కూర్చుంటానన్నాడు. డ్రైవరుకు ముందే చెప్పి కూర్చోమన్నాను. వాళ్ళ తాతయ్య వీడియో కాల్‌లో ఈ సంగతి విని తనదైన ఉదాహరణ తెచ్చారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఎండావానలకు ఓర్చి ఉన్నారు. ఊరే లేకపోతే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారన్నది వారి ఎత్తు. ఆ కథ విని మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, అన్ని నెలలు బడి ఎక్కడ జరిగిందని. తాతయ్య దగ్గర సమాధానం లేదు.

బస్సుల్లో, బస్ స్టేషన్లలో తెల్లవారినీ నల్లవారినీ వేరుచేయడాన్ని ధిక్కరిస్తూ 1961లో సాగిన బస్సు ప్రయాణికుల ఉద్యమంలో లూయిస్ మొదటి బృందంలోనే ఉన్నాడు. దక్షిణ కరోలినాలోని రాక్ హిల్ బస్ స్టేషనులో తెల్లవారి విశ్రాంతి గదిలోకి అడుగుపెట్టగానే కొట్టారు. మాంట్‌గోమరీలో తలపై కొట్టి స్పృహ తప్పించారు. ఆ తరువాత మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో వారాల తరబడి ఉంచారు. ఆ దశాబ్దంలో ఆయన అరెస్టులు నలభై దాటాయి.

సెల్మా పట్టణం మాకు కారులో మూడున్నర గంటల దూరం. ఎడ్మండ్ పెట్టస్ వంతెన మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటుంది. అటువైపు ఏముందో నడినెత్తికి చేరేదాకా కనబడదు. నడిచి చూస్తే తప్ప ఆ సంగతి అర్థం కాదు. 1965 మార్చి 7న దాదాపు ఆరువందల మంది ఓటు హక్కు కోసం ఇద్దరిద్దరు చొప్పున దాని మీదుగా నడిచారు. ముందు వరుసలో లూయిస్, హోసియా విలియమ్స్. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీ జనాభాలో సగం నల్లవారైనా, వారిలో ఓటరుగా నమోదైనవారు నూటికి ఇద్దరో ముగ్గురో. శిఖరం చేరేసరికి కింద రోడ్డు పొడవునా నీలం చొక్కాల పోలీసులు. లూయిస్ వీపున ఒక సంచి ఉంది. అందులో రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, టూత్‌పేస్టు, టూత్‌బ్రష్ ఉన్నాయి. జైలుకు వెళతామని తెలిసి సర్దుకున్న సంచి అది. చావుకు దగ్గరగా వెళ్ళవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు. లాఠీ దెబ్బకు పుర్రె చిట్లింది. ఆ దృశ్యాలు ఆ రాత్రి టీవీలో దేశమంతా చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 3న జాన్సన్ అధ్యక్షుడు సంతకం చేసిన వలస చట్టం, పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను రానివ్వని పాత కోటాలను ఎత్తివేసింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రావడానికి తలుపు తీసింది ఆ చట్టమే, ఆ చట్టానికి ఊపిరి పోసింది పౌరహక్కుల ఉద్యమమే. మేము కాపురముంటున్న కౌంటీ కథ ఇంకా దగ్గరది. 1912లో ఫోర్సైత్ కౌంటీ నుంచి దాదాపు 1,100 మంది నల్లవారిని గుంపులు తరిమేశాయి. ఆ తరువాత ఏడు దశాబ్దాలకు పైగా ఇది తెల్లవారి కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్, సెల్మాలో లూయిస్ పక్కన నడిచిన ఆయనే, వంద మందికి లోపు జనంతో ఇక్కడ నడిస్తే రాళ్ళతో, సీసాలతో కొట్టారు. వారం తిరిగేసరికి ఇరవై వేల మందితో మళ్ళీ వచ్చి నడిచారు. ఇవాళ ఇక్కడ ఇళ్ళ ముందు ముగ్గులు, గరాజుల్లో ఆవకాయ జాడీలు, శనివారం తెలుగు బడులు ఉన్నాయి. ఇల్లు కొనేటప్పుడు మేము ఆరా తీసింది బడుల రేటింగు గురించి మాత్రమే. ఇక్కడ చాలా మంది తెలుగువారు చేసేదీ అదే.

లూయిస్ జీవితంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరనిది ఒక్కటే. రాక్ హిల్‌లో ఆయనను కొట్టినవారిలో ఎల్విన్ విల్సన్ ఒకడు. ఆనాడు కేసు పెడతారా అని పోలీసులు అడిగితే లూయిస్ వద్దన్నారు. 2009లో ఆ విల్సన్ ముసలివాడై, కొడుకును వెంటబెట్టుకుని వాషింగ్టన్‌లోని లూయిస్ ఆఫీసుకు వచ్చి క్షమించమని అడిగాడు. లూయిస్ క్షమించాడు, ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. మా ఆవిడకు ఇది ఆయన జీవితానికి శిఖరం. మా అమ్మాయికి కోపం: నలభై ఎనిమిదేళ్ళు హాయిగా బతికి చివర్లో క్షమాపణ అడిగితే సరిపోతుందా అంటుంది. క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిదే కాబట్టి మనం తీర్పు చెప్పలేమన్నది నా పక్షం. గోడ మీద పిల్లిలా మాట్లాడకు నాన్నా అని దులిపేస్తుంది.

జార్జియాలో పదిహేడున్నర ఏళ్ళు నిండితే ఓటరుగా నమోదు కావచ్చు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి ఆమె పౌరురాలు. మేమిద్దరం ఇంకా కాము. ఆ లెక్కన మా ఇంట్లో మొదటి ఓటు ఆమెదే అవుతుంది, ఆ సంగతి ఆమె మాకు సందర్భం ఉన్నా లేకపోయినా గుర్తుచేస్తూనే ఉంటుంది. ఈ మధ్య కౌంటీ బడుల బోర్డు సమావేశంలో ప్రజలకిచ్చే సమయంలో మాట్లాడతానని పేరు ఇచ్చి వచ్చింది. "మనకెందుకొచ్చిన గొడవ" అని మా ఆవిడ అనబోయి నా వైపు చూసింది. చెప్పదలచుకున్నది కాగితం మీద రాసుకోమనీ, ఇంట్లో మా ముందు గట్టిగా చదివి అలవాటు చేసుకోమనీ, మధ్యలో ఎవరైనా కేకలు వేస్తే ఆగి మళ్ళీ అదే వాక్యం నుంచి మొదలుపెట్టమనీ చెప్పాను. కేకలు వేసే పాత్ర తమ్ముడు ఉత్సాహంగా తీసుకున్నాడు.