మానేసినా ఈఎల్ డబ్బులు మనవే

"నువ్వే మానేసినవ్ గదా, ఇంక ఈఎల్ పైసలెట్లొస్తయ్?" చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసి బయటికొచ్చిన మావాళ్లలో ఈ మాట పడనివాళ్లు తక్కువ. ఈఎల్ అంటే ఎర్న్‌డ్ లీవ్, పనిచేసిన రోజులను బట్టి జీతంతో వచ్చే సెలవు.

మా బావ 2024లో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో మానేసినప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ కాగితం, అంటే ఆఖరి లెక్కల కాగితం చేతిలో పెట్టారు. ఆఖరి నెల జీతం ఉంది, యూనిఫాం కటింగ్ ఉంది. ఈఎల్ అన్నచోట చిన్న గీత. సొంత చెల్లెలి పెళ్లికి కూడా లీవు దొరక్క నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి ఆయన. ఆ గీత చూస్తే నాకు ఒళ్లు మండింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 79వ సెక్షన్ చదివాను. ఏడాదిలో 240 రోజులు చేస్తే, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు. వాడుకోనివి 30 దాకా తర్వాతి ఏడాదికి కలుస్తాయి. మానేసినా, తీసేసినా మిగిలినవాటికి డబ్బు కట్టాల్సిందే, అదీ రెండో పనిదినం దాటకుండా. మధ్యలో మానేసి ఆ ఏడాది 240 నిండకపోయినా చేసినంతకు లెక్క కట్టాలి. 2025 నవంబరు 21న ఆ పాత చట్టం స్థానంలో లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు వచ్చాక ఆ 240 కూడా 180 అయింది.

కాంట్రాక్టు వాళ్ల గతి మరీ అన్యాయం. అదే గేటు, అదే మెషిను. గేట్ పాస్ మీద కాంట్రాక్టర్ పేరు మారగానే పాత సెలవులన్నీ మాయం! చట్టం వాళ్లనూ కార్మికులుగానే చూస్తుంది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే కంపెనీయే కట్టాలి.

బావకు డబ్బు వచ్చింది. పే స్లిప్ కింద సన్న అక్షరాల్లో ఈఎల్ బ్యాలెన్స్ ఉంటుంది, ఆ స్లిప్పులే పనికొచ్చాయి. వాటిని జతచేసి అర్జీ రాశాం, కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాం. ఇవ్వకపోతే నల్లగొండలో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్తామని అందులోనే రాశాం. తర్వాత వాళ్లే ఫోన్ చేశారు.

మానేద్దామనుకుంటున్నవాళ్లు రాజీనామా ఇవ్వకముందే స్లిప్పులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇచ్చాక కంపెనీ యాప్ లాగిన్ ఎప్పుడు ఆపేస్తారో చెప్పలేం.