పేగు కలిపే కుట్టు: ఎం.ఎస్. జనరల్ సర్జరీ పరీక్షకు నేను సిద్ధమైన తీరు

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించే ఎం.ఎస్. జనరల్ సర్జరీ పరీక్షకు మహబూబ్‌నగర్‌లో ఉండి చదివిన నాకు, వైవాలో (మౌఖిక పరీక్షలో) అన్నిటికన్నా అక్కరకు వచ్చిన అధ్యాయం పేగు ఎనాస్టమోసిస్ (పేగు చివరలను కలిపి కుట్టడం). కుట్ల పేర్లు మాత్రమే వల్లె వేసుకున్నవారు ఇందులో రెండో ప్రశ్నకే ఆగిపోతారు కనుక, ప్రతి కుట్టునూ పేగు గోడ పొరలతో ముడిపెట్టి చదవమని తోటి పీజీలకు నా మనవి.

సీరోసాకు (పేగు బయటి పొరకు) సీరోసా ఆనేలా అంచులను లోపలికి మడిచి కుట్టే పద్ధతిని 1826లో ఫ్రెంచ్ సర్జన్ లాంబేర్ చెప్పగా, కుట్టును పట్టి నిలిపే పొర, మ్యూకోసా (పేగు లోపలి పొర) కిందుండే సబ్‌మ్యూకోసాయేనని 1887లో అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ ప్రయోగాలతో చూపాడు. ఒకే పొర కుట్టులో మ్యూకోసాను వదిలేసినా సబ్‌మ్యూకోసాను ఎందుకు వదలకూడదో, సీరోసా లేని కింది రెక్టమ్‌లో (పురీషనాళంలో) అదనపు జాగ్రత్త ఎందుకో దీన్నిబట్టే చెప్పవచ్చు.

చేతికి పని అలవాటు కావాలంటే మేక బోటిని మించినది లేదు. అయితే దుకాణంలో కడిగి కొవ్వు తీసేసిన బోటి మనకు పనికిరాదు. మెసెంటరీతో (పేగును పొట్ట వెనక గోడకు పట్టి ఉంచే, రక్తనాళాలున్న మడతతో) సహా ఇమ్మని ముందే చెప్పి ఉంచాలి (దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి). మెసెంటరీ రెండు పొరలుగా విడిపోయి పేగును చుట్టేచోట పెరిటోనియం (పొట్ట లోపలి పలుచని పొర) లేని చిన్న ముక్కోణపు జాగా ఉంటుంది. కొవ్వు కప్పేయడంతో అక్కడ సూది సబ్‌మ్యూకోసాను పట్టిందో లేదో తెలియదు. అందుకే మొదటి కుట్టు అక్కడే వేసి, 3-0 విక్రిల్‌తో (ఒంట్లో కరిగిపోయే కుట్టు దారంతో) అంచు నుంచి సుమారు 5 మిల్లీమీటర్లు, కుట్టుకూ కుట్టుకూ మధ్య అంతే ఎడంతో సాగండి. ముడి అంచులను ఆనించాలే గాని నొక్కకూడదు. బిగిస్తే బతికున్న పేగుకు రక్తం అందదు. చివరగా రెండు వైపులా బిగబట్టి సిరంజితో నీరు ఎక్కిస్తే, లోపం ఉన్నచోట చుక్క కనిపిస్తుంది.

రెండు చివరల వెడల్పు సరిపోకపోతే, చిన్నదానిని మెసెంటరీకి ఎదుటి అంచున నిలువుగా చీల్చే చీటిల్ పద్ధతిని కూడా బోటి మీదే చేసి చూడండి. పేగును పిన్నులతో కలిపే స్టాప్లర్ల గురించి పుస్తకంలో ఉన్నంత చాలు.

కుట్టు ఎప్పుడు బలహీనమన్న ప్రశ్న తరచుగా వస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు కొల్లాజెన్ (గాయానికి బలమిచ్చే ప్రోటీన్) ఏర్పడేదానికన్నా కరిగేదే ఎక్కువ కాబట్టి, లీకు సాధారణంగా 5-7 రోజుల ప్రాంతంలో బయటపడుతుంది. లీకు లక్షణాల్లో కారణం తెలియని టాకికార్డియాను (గుండె వేగంగా కొట్టుకోవడాన్ని) కడుపు నొప్పికన్నా ముందు చెప్పి, పరిస్థితి నిలకడగా ఉంటే సీటీ స్కాన్, పెరిటోనైటిస్ (పెరిటోనియం వాపు) ముదిరితే మళ్లీ పొట్ట తెరిచి కడిగి స్టోమా (పేగు చివరను పొట్ట చర్మం మీదికి తెచ్చి చేసే ద్వారం) బయటికి తీయడం అన్న వరుసలో జవాబు నడపండి.