నాన్న నోట బూతు

పొద్దున గాంధీ రోడ్డులో కొట్టు తెరుస్తుంటే షటర్ జారి నాన్న బొటనవేలి మీద పడింది. గట్టిగా ఒక బూతు మాట అనేశాడు. నా ముప్పై ఏళ్లలో ఆయన నోట అలాంటి మాట వినడం ఇదే మొదలు.

గోరంతా నీలమైపోయింది. ఐస్ తెచ్చి గుడ్డ చుట్టేలోపే స్వామి పటం ముందు నిలబడి, దెబ్బ తగలని ఎడమ చేత్తో లెంపలు వేసుకుంటున్నాడు. వేలి నొప్పి కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెడుతోంది. చూడలేకపోయాను.

అందుకే చెప్పాను. ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో 67 మంది విద్యార్థుల చేత ఐసు నీళ్లలో చేయి పెట్టించింది. ఒకసారి బూతు మాట అంటూ, ఇంకోసారి మామూలు మాట అంటూ. బూతు అన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు, గుండె వేగం పెరిగింది, నొప్పి తక్కువ అనిపించింది. 2010లో దీనికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు. అసలు నోబెల్ కాదు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి.

నాకు బాగా నచ్చింది 2011లో వాళ్లే చేసిన రెండో పరిశోధన. రోజూ తిట్టేవాళ్లకు ఈ ఉపశమనం తక్కువట. మాట అరిగిపోతుంది కాబోలు. అంటే ఇన్నేళ్లూ నోరు జారని నాన్నకే అది బాగా పనిచేసి ఉండాలి.

"నిజమేనా?" అన్నాడు. కాసేపాగి, "అయినా గిరాకీలు విన్నారు కదరా" అన్నాడు.

సాయంత్రానికి వాపు కాస్త తగ్గింది.