గినీ గోల్డ్ కార్డులకు కాలం కట్టిన క్రమం: నా అనుభవం

లివర్‌పూల్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో పాత సామాన్ల సంతలో నాకొక ఆల్బం దొరికింది. ఆ ఊరి ఆగ్డెన్స్ కంపెనీ గినీ గోల్డ్ సిగరెట్ పెట్టెల్లో వేసి ఇచ్చిన చిన్న ఫొటో కార్డులు అందులో అరవైకి పైగా అతికించి ఉన్నాయి. నటీమణులు, సేనానులు ఎందరున్నా నన్ను ఆపింది ఒక్క పుట. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి కారకులుగా ఎదురెదురుగా నిలిచిన బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లిన్, ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ అక్కడ పక్కపక్కనే ఉన్నారు.

ముందుగా కార్డులను విడదీయాలనుకున్నాను. అచ్చు కార్డులను నీటిలో నానబెట్టి తీస్తారని విని, ఒకదాన్ని గోరువెచ్చని నీటిలో వేశాను. ఇవి అచ్చు బొమ్మలు కావని, నిజమైన ఫొటోలని, తడికి పైపొర మెత్తబడి లేచిపోతుందని గ్రహించేలోపే అందులోని ముఖం సగం చెరిగిపోయింది. నూరేళ్లు దాటిన వస్తువు నా తొందరవల్ల పాడైందన్న బాధ ఇప్పటికీ ఉంది. తక్కినవాటిని పుటలపైనే ఉంచి, మధ్యమధ్య ఆమ్లం లేని కాగితం పరిచాను.

కాలం నిర్ణయించడానికి కొన్ని వారాలు పట్టింది. కార్డుపై తేదీ లేదు కనుక పేరు పక్కనున్న హోదానే ఆధారం చేసుకున్నాను. విక్టోరియా రాణి కుమారుడు ఎడ్వర్డ్‌ను ప్రిన్స్ ఆఫ్ వేల్స్ (యువరాజు) అన్న కార్డు, ఆమె మరణించి ఆయన రాజైన 1901 జనవరి 22కు ముందుదై ఉండాలి. చాంబర్లిన్ 1895 నుంచి 1903 వరకూ మంత్రి కావడంతో ఆయన హోదా పెద్దగా తోడ్పడలేదు. పైగా ఒక కార్డుకు తేలిన కాలం పక్క కార్డుకు వర్తించదు. ఆల్బం కట్టినవారు ఏళ్ల తరబడి పోగుచేసి ఉండవచ్చు.

ఈ వెతుకులాటలోనే మా ఇంటి దారి ఎదురైంది. 1901లో అమెరికా వ్యాపారి జేమ్స్ డ్యూక్ ఆగ్డెన్స్‌ను కొనగానే, ఆయనను ఎదుర్కోవడానికి బ్రిటిష్ కంపెనీలు ఇంపీరియల్ టొబాకోగా ఏకమయ్యాయి. 1902లో ఇరుపక్షాలూ రాజీపడగా బ్రిటిష్ అమెరికన్ టొబాకో పుట్టింది. మా తాతయ్య బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) క్యూరింగ్ చేసిన వర్జీనియా ఆకును చీరాలలో కొన్న ఐ.ఎల్.టి.డి. (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) కంపెనీ ఆ వంశంలోదే.

ఆ ఇద్దరు నాయకుల పుట తాతయ్య పొగాకు లెక్కల పుస్తకంతోపాటు ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఉంది.