బావ తెచ్చిన రాయి, 464 దగ్గర పీక్

కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వాన పడిందంటే చాలు జనం పొలాల్లో తలలొంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు కదా, ఆ జనంలో మా బావ కూడా ఒకడు. మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు అక్క పంపిన ఊరగాయతో పాటు అగ్గిపెట్టెలో దూది చుట్టి ఒక రాయి తెచ్చాడు. కందిగింజ కంటే కొంచెం పెద్దది, బాగానే మెరుస్తోంది. "రేయ్, మీ ల్యాబ్‌లో లేజర్ మిషన్ ఉందంటివే, దీని సంగతి తేల్చు, వ్యాపారికి చూపిస్తే రేటు తగ్గించి చెప్తాడు" అన్నాడు.

సరే, మా సార్ లేని శనివారం చూసి తీసుకెళ్లా. ఆ మిషన్ రామన్ స్పెక్ట్రోమీటర్. ఒకే రంగు కాంతి రాయి మీద కొడతాం, చెదిరిన కాంతి దాదాపు అంతా అదే రంగులో వెనక్కొస్తుంది, ఏ కోటి ఫోటాన్లకో ఒకటి మాత్రం లోపలి అణువుల్ని ఊపి ఆ ఊపుకి కాస్త శక్తి వదిలేసి రంగు మారి వస్తుంది, ఎంత వదిలేసిందో కొలిచి గ్రాఫ్ గీస్తే కొన్ని అంకెల దగ్గర గీత శిఖరంలా లేస్తుంది, దాన్నే పీక్ అంటాం, ఆ అంకెల్ని (యూనిట్ సెం.మీ⁻¹) బట్టి లోపలున్నది ఏ పదార్థమో తెలుస్తుంది. 1928లో కలకత్తాలో సి.వి. రామన్, ఆయన శిష్యుడు కృష్ణన్ ఎండని ఫిల్టర్లలోంచి పంపి 60 దాకా ద్రవాల్లో దీన్ని చూశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, మేమేమో లేజర్, చల్లబరిచిన కెమెరా పెట్టుకుని కూడా సిగ్నల్ రావట్లేదని ఏడుస్తుంటాం. రామన్ చిన్నప్పుడు వైజాగ్‌లోనే చదువుకున్నాడు బావా అంటే, "సరేలే, రాయి పెట్టు" అన్నాడు.

ముందు సిలికాన్ ముక్క పెట్టి పీక్ 520 మీద ఉందో లేదో చూసుకున్నా, అది పక్కకి జరిగిందంటే ఆ రోజు తీసిన రీడింగులన్నీ దండగ. తర్వాత రాయి. వజ్రమైతే 1332 దగ్గర ఒక్కటే సన్నటి పొడుగాటి పీక్ రావాలి, ఈ సంగతి బావకి ముందే చెప్పి తప్పు చేశా. 532 నానోమీటర్ల పచ్చ లేజర్‌తో మొదటి స్కాన్‌లో 1500 దగ్గర సూదిలాంటి గీత లేచేసరికి మనిషి కుర్చీలోంచి లేచాడు. అది కాస్మిక్ రే, ఆకాశం నుంచి వచ్చి కెమెరాని తాకి పోతుంది, రెండో స్కాన్‌లో లేదు. మిగిలింది 464 దగ్గర పెద్ద పీక్, 206, 128 దగ్గర చిన్నవి. క్వార్ట్జ్. అంటే పలుగురాయి.

"ఇంకో పక్క కొట్టు" అన్నాడు. ఇంకో పక్క ఎర్రమట్టి అంటుకుని ఉంది, ఫ్లోరసెన్స్‌కి, అంటే లేజర్ కాంతిని మింగి అదే వెలుగు చిమ్మడానికి, గ్రాఫ్ అడుగు గీత కొండలా లేచి పీకులన్నీ అందులో మునిగిపోయాయి. రామన్‌తో పనిచేసే వాళ్లెవరినైనా కదిలించండి, మొదట తిట్టేది దీన్నే. 785 నానోమీటర్ల లేజర్‌కి మారిస్తే ఈ గోల తగ్గుతుంది, కాకపోతే సిగ్నల్ కూడా దాదాపు అయిదో వంతుకి పడిపోతుంది, కాబట్టి ఎక్కువసేపు కూర్చోవాలి. కూర్చున్నాం. 464.

బావ మూడ్ మార్చడానికి చేతికందినవన్నీ పెట్టడం మొదలెట్టా. ఆయన వాటర్ బాటిల్ నీళ్లతో సహా పెడితే 1615, 1726 దగ్గర పీకులొచ్చాయి, అది పెట్ ప్లాస్టిక్, లోపల నీళ్లున్నా అడ్డం రాలేదు. నీళ్లు రామన్‌లో చాలా నెమ్మదస్తులు, అదే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చూసే పద్ధతిలో అయితే నీళ్లే అంతా కప్పేస్తాయి. అందుకే ద్రావణాలకి ఈ పద్ధతి అంటే నాకిష్టం. బ్యాగులో ఉన్న శానిటైజర్ మూత కూడా తీయకుండా చూశాం, 819 దగ్గర పీక్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇథనాల్ అయితే 880 దాటాక వచ్చేది, విషమైన మిథనాల్ అయితే 1030 చుట్టుపక్కల. ఎంత శాతం ఉందో చెప్పాలంటే మాత్రం తెలిసిన మిశ్రమాలు కలిపి గ్రాఫ్ గీసుకోవాలి, అంత ఓపిక శనివారం నాకు లేదు.

నీలం మూత ఏమో మోసం చేసింది. పాలిథీన్ పీకులు 1295, 1440 దగ్గర వస్తాయనుకుంటే 1530, 747 పైకొచ్చాయి, అవి ప్లాస్టిక్‌వి కావు, అందులో కలిపిన నీలం రంగువి. రంగు వేసింది చిటికెడే, స్పెక్ట్రమ్‌లో పెత్తనం మాత్రం దానిదే! ప్లాస్టిక్ ఏదో సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న స్పెక్ట్రమ్‌ల జాబితాతో పోల్చి చెప్పింది కదా అని గుడ్డిగా నమ్మి రిపోర్ట్ రాస్తే ఇలాంటి చోటే పరువు పోతుంది, నాది ఒకసారి పోయింది.

ఆఖర్న బావ బండి తాళం. నల్ల ప్లాస్టిక్, అందులో కార్బన్ బ్లాక్ ఉంటుంది, లేజర్ పవర్ తగ్గించడం మర్చిపోయా. సన్నగా పొగ, కాలిన వాసన, తాళం మీద చుక్కంత గుంట. స్క్రీన్ మీద 1350, 1590 దగ్గర రెండు లావాటి దిబ్బలు. బావ తాళం సంగతి పట్టించుకోలేదు, 1350 మీద వేలు పెట్టి "ఇది 1332కి దగ్గరే గదరా?" అన్నాడు. వజ్రమూ కార్బనే, ఇదీ కార్బనే, కానీ ఇది మసి బావా అన్నా.

పలుగురాయి ల్యాబ్‌లో వదిలెయ్, స్టాండర్డ్‌గా వాడుకుంటాం అంటే ఇవ్వలేదు. మళ్లీ దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు. రాత్రి బస్సెక్కాక ఫోన్ చేశాడు, ఊళ్లో వాన పడిందంట, అక్కకి చెప్పొద్దన్నాడు.