మావాడి గంజపా ముక్కలు: చేపలు, జిగురు, ఒక మేక

మే మొదటి వారం

పర్లాకిమిడిలో గంజపా పేక చేసేవాళ్ళు పూర్వం నుంచీ ఉన్నారు. ఈసారి పిల్లల వేసవి శిబిరంలో అదే నేర్పుతున్నారు. గుండ్రటి ముక్కలు. ఒక్కో రంగుకి, అంటే ఒక్కో జాతికి, రాజు, మంత్రి, ఒకటి నుంచి పది, మొత్తం 12. దశావతారాల పేకయితే పది రంగులు, 120 ముక్కలు. పిల్లలకి అంత ఓపికెక్కడిది, తలా ఒక రంగు పంచేరు. ఎనిమిదేళ్ళ మావాడికి మత్స్యావతారం వచ్చింది. ఇంట్లో నేను కూర్మావతారం మొదలెట్టేను.

ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ తెమ్మన్నారు సార్. కొత్త గుడ్డయితే గంజి ఉండి జిగురు సరిగ్గా పీల్చదు. మావాడు ఎవర్నీ అడక్కుండా వాళ్ళ మామ్మ పెట్టె తెరిచి, మాసినట్టున్న చీరొకటి తీసి చెంగు కత్తిరించుకుపోయేడు. అది మడత విప్పని పొందూరు ఖద్దరు.

"ఏటిరా ఈ పని!"

"మాసిపోయింది కదా మామ్మా, పాతదనుకున్నాను."

ఖద్దరు రంగే అంతని వాడికెవరు చెప్పేరు గనక.

జిగురు సంగతి. చింతపిక్కలు వేయించి, దంచి, పైతొక్క తీసెయ్యాలి. రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి సన్నసెగ మీద ఆపకుండా కలపాలి. గరిటె ఎత్తితే తెగకుండా జారాలి. పురుగు పట్టకుండా మైలతుత్తం వేసే అలవాటుంది గానీ అది విషం, పిల్లల చేతుల్లో వద్దు. కాబట్టి ఏ రోజుది ఆ రోజే. ఈ ఎండలకి మర్నాటికి పులిసిపోతుంది.

మిగిలింది మావాడు టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చేడు. మా అత్తగారు గంజనుకుని ఉప్పేసి ఒక గుక్క పట్టేరు. ఆ పూటంతా మాట్లాడలేదావిడ. జిగురు వల్లో, చీర వల్లో తెలీదు.

రెండో వారం

గుడ్డ మూడు పొరలు అతికేం. మధ్యలోంచి అంచులకి అరచేత్తో నొక్కుతూ పోవాలి, లేకపోతే గాలి బుడగలు నిలిచిపోతాయి. నీడలోనే ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెట్టిన పిల్లల గుడ్డలన్నీ వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగేయి. ఆరేక సుద్దపొడి, జిగురు కలిపి రెండు వైపులా రెండు పూతలు. మళ్ళీ ఆరనిచ్చి, మహేంద్రతనయ ఒడ్డున ఏరిన నున్నటి రాయితో మెరుపొచ్చేదాకా రుద్దడం. నన్నడిగితే అసలు పనంతా ఇక్కడే. శిబిరంలో దీన్ని ఒక్క పూటలో తేల్చేసేరు, అది నాకు నచ్చలేదు. పూత పూర్తిగా ఆరకుండా రుద్దితే పెచ్చులూడుతుంది. తరవాత సీసా మూత పెట్టి గీసి, కత్తిరించేం.

మూడో వారం

రంగులు. పది చేపల ముక్కకి ముందు మధ్యలో గీత గీసుకుని పైన ఐదు, కింద ఐదు సర్దాలి. మావాడు గీత లేకుండా మొదలెట్టేడు, ఎనిమిదికే చోటైపోయింది. మిగతా రెండూ ఏవిరా అంటే, "నీళ్ళడుగున ఉన్నాయి సార్" అన్నాట్ట. రాజుకి మాత్రం వాళ్ళ పెదనాన్న మీసాలు అచ్చంగా దించేడు.

రంగులారడానికి ముక్కల్ని అరుగు మీద పరిచి మంచినీళ్ళకని లోపలికొచ్చేడు. పక్కింటి మేక రాజునీ, మంత్రినీ, మూడునీ నమిలేసింది. గుడ్డ, గంజి వాసన, ఇంకేం కావాలి దానికి. "రాజుని ఉమ్మీ!" అని అరుస్తూ వీధి చివరిదాకా తరిమేడు. మేకకేం కాలేదు.

మిగిలిన ముక్కల వెనక సార్ లక్క పూసిచ్చేరు. పోయిన మూడూ ఇంట్లో మళ్ళీ వేస్తున్నాడు. నా కూర్మం ముక్కలకి అంచులు విచ్చుకుంటున్నాయి. అంచు చుట్టూ పల్చగా జిగురు రాసి, రాత్రంతా రోలు కింద పెడుతున్నాను.

ఆట కూడా కొంచెం నేర్పేరు. రాజు, మంత్రి తరవాత సగం రంగుల్లో పది పెద్ద ముక్క, మిగతా సగంలో ఒకటి పెద్ద ముక్క. ఇది విన్నప్పటి నుంచీ లెక్కల పరీక్షలో పదికి రెండొస్తే అది ఏ రంగు కింద లెక్కో చెప్పమని వాళ్ళ నాన్నతో వాదన.